అంతర్జాల వేలంలో కాన్ఫిడెన్షియల్ రిపోర్టు

(జనగామ, మహబూబాబాద్, భూపాలపల్లి ప్రాంతాల విశ్రాంత ఉద్యోగుల సంయుక్త సమావేశంలో చేసిన ప్రసంగ పాఠం)



కరువు భత్యం, హెల్త్ కార్డులు, బకాయిల గురించి మాట్లాడుకోవలసిన వేదిక మీద ఆన్‌లైన్ వేలం సంగతి ఎందుకని కొందరికి అనిపించవచ్చు. కారణం ఉన్నది. మనలో చాలామంది ఇళ్లలో స్టాంపుల ఆల్బములు, పాత పుస్తకాలు, రేడియోలు, కెమెరాలు, ఇత్తడి సామాను ఉన్నాయి. పిల్లలు నగరాల్లోనో అమెరికాలోనో ఉంటున్నారు. "ఇవన్నీ దాచుకుని ఏం చేస్తారు నాన్నా, ఫోన్‌లో పెడితే అమ్ముడుపోతాయి" అంటున్నారు. అట్లా అమ్మటం మొదలుపెట్టిన సభ్యులు మన సంఘంలోనే కొందరున్నారు. సామాను అమ్మటం వారికి కష్టం కాలేదు. అమ్మిన తర్వాత కొన్నవారు రాసే నాలుగు మాటలే వారిని కష్టపెట్టాయి. ఆ నాలుగు మాటల నిబంధనలు ఎట్లా పుట్టినాయి, చిన్నవారి మీద ఎట్లా పనిచేస్తున్నాయి అన్నదే ఈనాటి నా విషయం.

వేలం మనకు కొత్త కాదు. పాతవాళ్లు హర్రాజు అనేవారు. పనికిరాని ఫర్నిచరు, ఎండిన చెట్లు, పాత జీపులు ఆఫీసు ఆవరణలో హర్రాజు వేయటం మనం చూసిందే. పాట పాడేవాడు ముందుగా ధరావతు కట్టాలి. పాట గెలిచి డబ్బు కట్టకపోతే ఆ ధరావతు పోయినట్టే. అమ్మే వస్తువు కళ్ల ముందు ఉంటుంది, కొనే మనిషీ కళ్ల ముందే ఉంటాడు. కంప్యూటరు మీద జరిగే వేలంలో ఈ రెండూ లేవు. వస్తువు ఫొటోలో ఉంటుంది. మనిషి ఒక మారుపేరు వెనకాల ఉంటాడు. మరి నమ్మకం ఎక్కడి నుంచి రావాలి?

అమెరికాలో 1995లో పియరీ ఒమిద్యార్ అనే ఆయన మొదలుపెట్టిన వేలం సంస్థ తర్వాత ఈబే పేరుతో ప్రసిద్ధికెక్కింది. ఆయన 1996 ఫిబ్రవరిలో దీనికి ఒక ఉపాయం చెప్పాడు. బేరం అయిన తర్వాత కొన్నవాడు అమ్మినవాడి గురించి, అమ్మినవాడు కొన్నవాడి గురించి ఒక మాట రాయాలి. మంచి మాటకు ఒక మార్కు కలుస్తుంది, చెడ్డ మాటకు ఒక మార్కు పోతుంది, మధ్యస్థానికి సున్నా. ఆ లెక్క ప్రతి ఒక్కరి పేరు పక్కన అందరికీ కనిపిస్తుంది. దీనికే ఫీడ్‌బ్యాక్ అని పేరు. ఊళ్లో పేరు చెడితే బేరం చెడుతుందన్న మన పాత నీతినే ఆయన లెక్కలోకి ఎక్కించాడు.

ఈ పేరుకు విలువ ఉందా అని పండితులు పరీక్షించారు. పాల్ రెస్నిక్, రిచర్డ్ జెక్‌హౌజర్ మొదలైనవారు 2006లో ప్రకటించిన ప్రయోగం ఒకటి ఉన్నది. ఒకే రకం పాత పోస్టుకార్డులను జతలుగా చేసి, ఒకదాన్ని మంచి పేరున్న పాత అమ్మకందారు పేరున, రెండోదాన్ని కొత్త పేరున ఈబేలో వేలానికి పెట్టారు. పాత పేరుకు సుమారు 8 శాతం ఎక్కువ ధర వచ్చింది. వస్తువు అదే, అమ్మింది నిజానికి అదే మనిషి. పేరు మాత్రం వేరు.

ఇద్దరూ రాసుకునే పద్ధతి వినటానికి సమంగానే ఉన్నది. కాని ఆచరణలో పెడదారి పట్టింది. కొన్నవాడు నిజాయితీగా "వస్తువు బాగా లేదు" అని రాస్తే, అమ్మినవాడు కోపంతో "ఈయన మంచివాడు కాదు" అని తిరిగి రాసేవాడు. ఆ భయంతో కొన్నవాళ్లు నోరు మూసుకున్నారు. అందుకే 2008లో ఆ సంస్థ నిబంధన మార్చింది. ఆ ఏడాది మే నెల నుంచి అమ్మేవాడు కొన్నవాడి గురించి మంచి మాటే రాయగలడు. చెడ్డమాట గాని, మధ్యస్థపు మాట గాని రాసే వీలు లేదు. కొన్నవాడు మాత్రం మూడూ రాయవచ్చు. ఈ మార్పు ప్రకటించగానే అమ్మకందారులు ఫిబ్రవరి 18 నుంచి ఒక వారం పాటు అమ్మకాలు ఆపి నిరసన తెలిపారు. నిబంధన మాత్రం మారలేదు.

మన దేశంలో బాజీ అనే వేలం సంస్థను 2004లో ఈబే సుమారు 5 కోట్ల డాలర్లకు కొన్నది. తర్వాత 2017లో ఈబే ఇండియా ఫ్లిప్‌కార్ట్ చేతికి వచ్చింది. 2018 ఆగస్టు 14తో ఇక్కడ దాని వ్యాపారం మూతపడింది. విదేశాల్లో ఆ సంస్థ ఇప్పటికీ నడుస్తున్నది. మన పిల్లలు అక్కడ దాని ద్వారా కొంటున్నారు, అమ్ముతున్నారు. ఇక్కడ వేలమైనా, నిలకడ ధర అమ్మకమైనా, చాలాచోట్ల కొన్నవాడే స్టార్లు వేస్తాడు, అమ్మినవాడు వేయించుకుంటాడు.

ఇప్పుడు చిన్నవాడి లెక్క చూద్దాం. నేను గుమాస్తాగా పనిచేసినవాణ్ణి గనుక లెక్కతోనే చెబుతాను. ఒక పెన్షనరు ఏడాదిలో 20 వస్తువులు అమ్మాడనుకోండి. అందులో 10 మంది అభిప్రాయం రాశారు. తొమ్మిది మంచివి, ఒకటి చెడ్డది. ఆయన పేరు పక్కన 90 శాతం అని పడుతుంది. పెద్ద వ్యాపారి 20,000 వస్తువులు అమ్మాడు. 10,000 మంది రాశారు. అందులో 100 మంది చెడ్డగా రాశారు. ఆయన పేరు పక్కన 99 శాతం అని పడుతుంది. నూరు మందిని బాధపెట్టినవాడు పెద్దమనిషిగా కనిపిస్తాడు. ఒక్కరికి నచ్చనివాడు అనుమానాస్పదుడవుతాడు. శాతం అబద్ధం చెప్పదు, కాని చిన్న సంఖ్య మీద వేసిన శాతం నిజమంతా చెప్పదు.

ఆ ఒక్క చెడ్డమాట ఎంత పని చేస్తుందో కూడా కొలిచినవారున్నారు. లూయిస్ కాబ్రాల్, అలీ హోర్తాచ్సు అనే ఆర్థికవేత్తలు 2010లో ప్రచురించిన పరిశోధనలో, మొదటి చెడ్డమాట పడకముందు అమ్మకాలు వారానికి సగటున 5 శాతం చొప్పున పెరుగుతుండగా, అది పడిన తర్వాత వారానికి 8 శాతం చొప్పున తగ్గుముఖం పట్టాయని తేలింది. పెద్ద దుకాణం ఆ దెబ్బను ఓర్చుకుంటుంది. ఇంటి అరుగు మీద కూర్చుని పార్సిళ్లు కట్టుకునేవాడు ఓర్చుకోలేడు.

మన ప్రాంతం నుంచే మూడు సంగతులు మనవి చేస్తాను. పేర్లు అవసరం లేదు.

మొదటిది జనగామ దగ్గరి పెంబర్తి సంగతి. అక్కడి ఇత్తడి పనికి భౌగోళిక గుర్తింపు ఉన్నది. రేకును చేత్తో కొట్టి చేసిన పళ్లెం, ఇంకొక పళ్లెం అచ్చుగుద్దినట్లు ఒకేలా ఉండవు. అదే దాని గొప్ప. కాని ఫొటో చూసి కొన్నవారు "బొమ్మలో ఉన్నట్టు మెరుపు లేదు" అని రెండు స్టార్లు వేస్తే, చేతిపనిలోని గొప్పే లోపంగా నమోదవుతుంది. మిషను మీద తయారైన వస్తువుకు ఈ బాధ లేదు.

రెండవది మహబూబాబాద్ వైపు ఒక విశ్రాంత ఉపాధ్యాయురాలి అనుభవం. ఆమె పాత పుస్తకాలు అమ్ముతారు. పార్సిలు ఆమె చేతిని దాటిన తర్వాత దారిలో నాలుగు రోజులు ఆలస్యమైంది. కొన్నవారు పుస్తకం బాగుందని రాసి, ఆలస్యమైందని ఒక్కటే స్టారు వేశారు. తప్పు మోసేవాడిది, మార్కు ఆమెది. ఆమె ఫిర్యాదు చేస్తే నిబంధనల ప్రకారమే ఉన్నదని అచ్చు జవాబు వచ్చింది.

మూడవది భూపాలపల్లిలో బొగ్గుగనిలో పనిచేసి రిటైరైన మిత్రుడిది. ఆయన పాత ఫిల్ము కెమెరా అమ్మారు. అందుకున్నాయన ఫోను చేసి, సగం డబ్బు వాపసు ఇవ్వకపోతే చెడ్డగా రాస్తానన్నాడు. మిత్రుడికి అప్పటికి ఉన్నవి ఏడు అభిప్రాయాలు. సగం డబ్బు వాపసు ఇచ్చి పేరు కాపాడుకున్నారు. ఇట్లాంటి బెదిరింపు చాలా సంస్థల నిబంధనల్లో నిషిద్ధమే. కాని అది ఫోనులో జరిగితే రుజువేది?

వేలంలో ఇంకొక చిక్కు ఉన్నది. పాట గెలిచి డబ్బు కట్టకుండా మాయమయ్యేవారు. 2008కి ముందు అమ్మేవాడు ఆ సంగతి ఆ మనిషి పేరు కింద రాసి, తర్వాతివారిని హెచ్చరించగలిగేవాడు. ఇప్పుడు సంస్థకు చెప్పుకోవాలి, అంతే. నూరు వస్తువులున్నవాడికి ఒక్క పాట చెడితే లెక్కలేదు. ఒకే ఒక్క హార్మోనియం అమ్మకానికి పెట్టినవాడికి నెల రోజులు పోతాయి. మన ఆఫీసు హర్రాజులో ధరావతు చేసిన పనిని అక్కడ మాట చేసేది. మాటను తీసేసినప్పుడు ధరావతునైనా పెట్టవలసింది.

ఇంతవరకు అమ్మేవాడి పక్షం చెప్పాను. రెండవ పక్షం చెప్పకపోతే ఫైలు అసంపూర్ణం. 2008 మార్పు తర్వాత ఏమైందని జర్మనీ పండితులు ముగ్గురు పరిశీలించి 2016లో ప్రకటించారు. కొన్నవారి సంతృప్తి పెరిగిందని, దాని కోసం అమ్మకందారులు ఎక్కువగా వేలం వదిలి వెళ్లిపోయినట్టు కనిపించలేదని, ఉన్నవారే మరింత జాగ్రత్తగా అమ్మసాగారని వారు తేల్చారు. అంటే కొన్నవాడి నోటికి స్వేచ్ఛ ఇవ్వటం వల్ల మేలు జరిగింది. మనం అమ్మేది ఏడాదికి నాలుగు వస్తువులైతే, కొనేది నలభై. మందుల దగ్గర నుంచి వినికిడి యంత్రాల దాకా ఇతరులు రాసింది చదివే కొంటున్నాం. కాబట్టి కొన్నవారి నోరు మూయించాలని నేను అనను. పాత పద్ధతిని తిరిగి తెమ్మని కూడా అనను. నా మనవి వేరు.

మిత్రులారా, మనకు బాగా తెలిసిన కాగితం ఒకటున్నది. కాన్ఫిడెన్షియల్ రిపోర్టు. పై అధికారి ఏడాదికొకసారి రాసేవాడు. ఏం రాశాడో మనకు తెలిసేది కాదు. ప్రతికూలమైన మాట ఉంటే తెలియజేయాలన్న నియమం ఉండేది. "బాగు" అన్న మాట ప్రతికూలం కాదు గనుక తెలియజేసేవారు కాదు. కాని ప్రమోషనుకు "చాలా బాగు" కావలసి వస్తే, ఆ "బాగు" అన్న మాటే మెడకు ఉరి అయ్యేది.

దీని మీదే దేవ్ దత్ కేసులో సుప్రీంకోర్టు 2008 మే 12న తీర్పు చెప్పింది. ఆయన సరిహద్దు రోడ్ల ఇంజనీరింగ్ సర్వీసులో ఎగ్జిక్యూటివ్ ఇంజనీరు. ప్రమోషనుకు ఐదేళ్ల రిపోర్టుల్లోను "చాలా బాగు" కావాలి. 1993–94లో మాత్రం "బాగు" అని ఉన్నది. ఆ సంగతి ఆయనకు తెలియదు. జూనియర్లకు ప్రమోషను వచ్చింది, ఆయనకు రాలేదు. ఏ మాటైనా సరే, మంచిదైనా చెడ్డదైనా, ఉద్యోగికి తెలియజేయాలని, దాని మీద వినతి చేసుకునే అవకాశం ఇవ్వాలని కోర్టు చెప్పింది. అప్పటికే ఆయన రిటైరయ్యారు. అయినా ఆ మాట మారి ప్రమోషను ఇస్తే, పెరిగిన పెన్షను, జీతం బకాయి 8 శాతం వడ్డీతో ఇవ్వాలన్నది. ఆ మరుసటి ఏడాది, 2009 మే 14న, కేంద్ర ప్రభుత్వం రిపోర్టు మొత్తాన్ని ఉద్యోగికి చూపాలని ఉత్తర్వు ఇచ్చింది. 2013లో సుఖ్‌దేవ్ సింగ్ కేసులో ముగ్గురు న్యాయమూర్తుల ధర్మాసనం ఆ సూత్రాన్నే బలపరచింది.

రెండు సంగతులూ ఒకే మే నెలవి. అక్కడ అమ్మేవాడికి రాసే హక్కు తగ్గింది. ఇక్కడ ఉద్యోగికి వినతి చేసుకునే హక్కు వచ్చింది. రెండింటినీ పక్కపక్కన పెట్టి చూస్తే లోపం ఎక్కడుందో తెలుస్తుంది. అమ్మేవాడు పై అధికారిని తిరిగి తిట్టే హక్కు అడగటం లేదు. మనమూ మన అధికారికి రిపోర్టు రాస్తామని ఎన్నడూ అడగలేదు. మనం అడిగింది మూడే. రాసింది చూపించండి, మా సమాధానం వినండి, అది న్యాయమైతే రాసింది కొట్టివేయండి.

ఆన్‌లైన్ వేలంలో మొదటిది ఉన్నది, రాసింది అందరికీ కనిపిస్తుంది. రెండోది సగం ఉన్నది, కింద ఒక జవాబు రాసుకోవచ్చు. మూడోదే బహు కష్టం. జవాబు ఎంత న్యాయమైనా లెక్కలో మార్కు మారదు. మార్చుకోవాలంటే రాసినవాడే దయతలచాలి, లేదా సంస్థ తొలగించాలి. ఆ సంస్థలో ఫైలు చూసి, రెండు పక్షాలూ విని, సంతకం పెట్టే మనిషి చిన్నవాడికి దొరకటం కష్టం. చిన్నవాడికి కావలసింది అదే. ఐదింటిలో నాలుగు స్టార్లు వేసినవాడు పొగిడాననుకుంటాడు. సగటు దిగేది అమ్మినవాడికి. "బాగు" అన్న మాట దేవ్ దత్‌కు చేసింది కూడా ఇదే.

వేరే మార్గం లేదా అంటే మన పొరుగునే ఉన్నది. జాతీయ వ్యవసాయ మార్కెట్టు, ఈ-నామ్, 2016 ఏప్రిల్ 14న ప్రారంభమైంది. కేసముద్రం, వరంగల్ ఏనుమాముల యార్డుల్లో ఈ పద్ధతి ఉన్నది. రైతు సరుకుకు గేటు దగ్గర లాటు నంబరు పడుతుంది. నమూనా తీసి తేమ, చెత్త, నాణ్యం చూస్తారు. వ్యాపారులు కంప్యూటరులోనో ఫోనులోనో ధర వేస్తారు. ఆ ధర నచ్చకపోతే అమ్మననే హక్కు రైతుకు ఉన్నది. అక్కడా ఇబ్బందులు లేకపోలేదు. కాని సూత్రం గమనించండి. తూచేది సరుకును, అదీ అమ్మకానికి ముందు, ఒక కొలతతో. అమ్మిన తర్వాత ముక్కూ మొహం తెలియనివారు రైతు గుణం మీద మార్కులు వేయరు.

ఇక చట్టం సంగతి. 2020 జులై 23న వచ్చిన ఈ-కామర్స్ నిబంధనల ప్రకారం ప్రతి సంస్థ ఫిర్యాదుల అధికారిని పెట్టాలి. వినియోగదారుడి ఫిర్యాదు అందినట్టు 48 గంటల్లో తెలపాలి, నెల రోజుల్లో పరిష్కరించాలి. అమ్మేవాడు కొన్నవాడి వేషంలో తన వస్తువును తానే మెచ్చుకుంటూ రాయకూడదు. 2022 నవంబరులో భారత ప్రమాణాల సంస్థ ఆన్‌లైన్ సమీక్షల మీద ఐ.ఎస్. 19000 అనే ప్రమాణం ప్రకటించింది. అది స్వచ్ఛందం. ఇవన్నీ ముఖ్యంగా కొన్నవారి రక్షణకు చేసినవి. అమ్మే చిన్నవాడి గోడుకు ఇంత స్పష్టమైన గడువు వీటిలో లేదు.

అయితే ఒక తలుపు ఓరగా తెరిచి ఉన్నది. 2019 వినియోగదారుల రక్షణ చట్టంలో, స్వయం ఉపాధితో బతుకు గడుపుకోవడానికే కొని వాడుకునే వస్తువును వాణిజ్య అవసరంగా లెక్కించరాదని వివరణ ఉన్నది. పెంబర్తి పనివాడు సంస్థకు కమీషను చెల్లించి సేవ పొందుతున్నాడు. ఆ వివరణలో సేవ అన్న మాట లేకపోయినా, దాని సూత్రం ఆధారంగా అతను జిల్లా కమిషనులో వాదించి చూడవచ్చు. 5 లక్షల లోపు విలువకు అక్కడ ఫీజు లేదు. సలహాకు 1915 నంబరుకు ఫోను చేయవచ్చు.

మన సంఘం తరఫున మూడు కోరికలు రాసి పంపుదామని ప్రతిపాదిస్తున్నాను. ఒకటి, అభిప్రాయాలు 50కి చేరేదాకా శాతం వేయకుండా, వచ్చిన మాటలను మాత్రమే చూపాలి. రెండు, రవాణా ఆలస్యాన్ని అమ్మినవాడి మార్కులో కలపరాదు. మూడు, చిన్న అమ్మకందారు వినతిని ఒక మనిషి చదివి, నెలలోపు కారణాలతో జవాబివ్వాలి.

ఈలోగా మన జాగ్రత్తలో మనం ఉందాం. వస్తువు లోపాన్ని మనమే ముందు ఫొటో తీసి చూపాలి. కొలతలు రాయాలి. కట్టేటప్పుడు వీడియో తీసి, పోస్టు రసీదు దాచాలి. మాట్లాడేది ఫోనులో కాకుండా ఆ సంస్థ లోపలి సందేశాల్లోనే రాతపూర్వకంగా మాట్లాడాలి. బెదిరిస్తే ఆ రాతే రుజువు. చెడ్డమాట వస్తే కోపంతో కాక, ఎక్స్‌ప్లనేషన్ రాసినట్టు తేదీలతో, రెండే వాక్యాల్లో జవాబివ్వాలి. అది రాసినవాడి కోసం కాదు, తర్వాత చదివేవాడి కోసం. పాత నాణేలకు లక్షలిస్తామని, ముందుగా కమీషను కట్టమని ఎవరైనా అడిగితే నమ్మవద్దు. తన పేరు చెప్పి ఇట్లా వసూలు చేసేవారున్నారని రిజర్వు బ్యాంకే 2021 ఆగస్టు 4న హెచ్చరించింది.

చివరిగా కొన్నవారిగా మన బాధ్యత. ఇంతకాలం ఇతరులు రాసిన రిపోర్టుల కింద బతికిన మన చేతికే ఇప్పుడు కలం వచ్చింది. ఒక్క స్టారు వేసే ముందు అమ్మినవాడికి ఒక సందేశం పంపి, ఆయన సమాధానం కోసం రెండు రోజులు ఆగుదాం. ఆయన సరిచేస్తే ఆ మాట కూడా రాద్దాం. మోసమైతే వెనుకాడకుండా ఉన్నది ఉన్నట్టు రాద్దాం. మన మీద రాసిన రిపోర్టులో మనం ఏ న్యాయం కోరుకున్నామో, మనం రాసే రిపోర్టులో అదే న్యాయం పాటిద్దాం.